నూటికి రెండు రూపాయల సంగతి రిజర్వు బ్యాంకుకు చేరాలి

సత్తెనపల్లి మండల రైతులకు, కౌలుదారులకు, డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్లకు విన్నపం.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రిజర్వు బ్యాంకు మూడు విడతలుగా రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీది వడ్డీ, తగ్గించింది. ఆరున్నర శాతం ఐదున్నరకు దిగింది. మన లెక్కలో ఆ తగ్గుదల నూటికి నెలకు ఎనిమిది పైసలు. మిరప నారు నాటేటప్పుడు నోటు రాసి తెచ్చుకునే అప్పు మాత్రం నూటికి రెండు రూపాయల దగ్గరే నిలిచింది. కౌలు రైతు దగ్గరకొచ్చేసరికి మూడు రూపాయలూ పలుకుతోంది. అంటే ఏడాదికి 24 నుంచి 36 శాతం! పురుగుమందుల కొట్టు ఖాతా, గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు ఇచ్చే అడ్వాన్సు, ఏదీ రెపో రేటు మాట వినదు. ఇది మనకు తెలుసు. ఆ రేటు నిర్ణయించే ఆరుగురు సభ్యుల కమిటీకి మన ఊళ్లనుంచి ఎవరు చెప్పారు?

పైస్థాయిలో మాట్లాడుకునే చోటు మాత్రం ఉంది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, 1930లో ఏర్పడిన అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకులో, దేశదేశాల కేంద్ర బ్యాంకుల గవర్నర్లు రెండు నెలలకోసారి కూర్చుంటారు. ధరలు, వడ్డీలు, బ్యాంకుల కష్టనష్టాలు చెప్పుకుంటారు. మన రిజర్వు బ్యాంకుకు 1996 నుంచి అందులో సభ్యత్వం ఉంది. మంచి పద్ధతే. అక్కడి పాఠం ఇక్కడికి వస్తున్నప్పుడు, ఇక్కడి కష్టం పైకి వెళ్లే దారి కూడా అంత గట్టిగా ఉండాలి కదా?

లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రమే చూసింది. 2006లో, అప్పట్లో మన పక్కనున్న కృష్ణా జిల్లాలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల మీద గగ్గోలు పుట్టి, జిల్లా యంత్రాంగం కొన్ని శాఖలు మూయించింది. అదొక హెచ్చరిక. నాలుగేళ్లకు అదే మంట రాష్ట్రమంతా అంటుకుంది. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, వసూళ్లు ఆగిపోయాయి, ఆ సంస్థలకు అప్పులిచ్చిన బ్యాంకులూ చిక్కుకున్నాయి. అప్పుడు ఈ సంగతి చూడమని రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీని వేసింది. 2011 డిసెంబరులో సూక్ష్మరుణ సంస్థల మీద దేశమంతటికీ నిబంధనలు వచ్చాయి. కృష్ణా జిల్లా ఆడవాళ్లు 2006లో చెప్పిన మాటకు జవాబు రావడానికి అయిదేళ్లు పట్టింది. ఈలోగా ఎన్ని ఇళ్లలో కన్నీళ్లు కారాయో మనకు తెలియనిది కాదు.

పైనుంచి కిందికీ మాట అందడం లేదు. 2025 జనవరి 1 నుంచి తాకట్టు లేకుండా ఇచ్చే పంటరుణం పరిమితి లక్షా అరవై వేల నుంచి రెండు లక్షలకు పెరిగింది. మీ వీధిలో ఎంతమందికి తెలుసు?

కొత్త ఆఫీసులేవీ అక్కర్లేదు. మండల బ్యాంకర్ల కమిటీ ఉండనే ఉంది. అందులో కౌలు రైతులకు, డ్వాక్రా సంఘాలకు కుర్చీ వేయాలి. ఊళ్లో నడుస్తున్న అసలు వడ్డీ ఎంతో ప్రతి సమావేశంలో మినిట్స్‌లో రాయాలి. లీడ్ బ్యాంకు మేనేజరు ద్వారా అది రిజర్వు బ్యాంకుకు వెళ్లాలి, జవాబు తిరిగి రావాలి. రిజర్వు బ్యాంకు ప్రతి నిర్ణయం తేట తెలుగులో ఒక్క కాగితం మీద బ్యాంకు గోడకూ, రైతు సేవా కేంద్రానికీ, మార్కెట్ యార్డుకూ అంటించాలి.

వచ్చే సమావేశం తేదీ ఎప్పుడో ఈ వారమే మీ బ్యాంకు మేనేజరును అడగండి. నిరుటి అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చారో ఒక కాగితం మీద రాసి తీసుకురండి. పేరు రాయనక్కర్లేదు, వడ్డీ రాస్తే చాలు.