లారీ ప్రమాదం: రాజీ సంతకానికి ముందు ఆలోచించండి

ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలంలో లారీ ఢీకొని కాళ్లు విరిగిన వారెందరికో చికిత్స చేశాను, గాయాల ధ్రువపత్రాలు రాసి ఇచ్చాను. వారిలో కొందరు లారీ యజమాని తరఫు మనిషి ఇచ్చిన కొద్దిపాటి సొమ్ము తీసుకుని, ఆసుపత్రి వరండాలోనే రాజీ కాగితంపై సంతకం చేసేవారు. అది తొందరపాటని నా అభిప్రాయం.

"డ్రైవరు పేదవాడు, ఏమివ్వగలడు?" అని మీరు జాలిపడవచ్చు. కాని 1988 మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. సాధారణంగా పరిహారం చెల్లించేది బీమా సంస్థే.

ఎముక అతికినంత మాత్రాన నష్టం తీరదు. మోకాలు సరిగా వంగని గుమాస్తా తన ఉద్యోగం చేసుకోగలడు. తాపీమేస్త్రీ మాత్రం పరంజా ఎక్కలేడు. అందువల్లనే వైద్యుడు రాసే వైకల్య శాతం ఒక్కటే చాలదని, సంపాదనాశక్తి ఎంత తగ్గినదో చూడాలని సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో స్పష్టం చేసింది. ఇంటికి పంపే నాటికి ఈ నష్టం మాకే పూర్తిగా తెలియదు. మరి ఆనాడే లెక్క తేల్చుకోవడం ఎలా న్యాయం?

ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల ధ్రువపత్రం, డిశ్చార్జి పత్రం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు భద్రపరచండి. మీరు నివసించే ప్రాంతంలోని మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునల్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. 2019 చట్టసవరణ ఇందుకు ఆరు నెలల గడువు విధించింది కనుక ఆలస్యం తగదు. ఢీకొన్న లారీ ఆచూకీ తెలియకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం ఉన్నది.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేదా? జిల్లా న్యాయసేవాధికార సంస్థ అర్హులకు ఉచితంగా సహాయం చేస్తుంది. వారిని అడిగిన తరువాతే సంతకం సంగతి ఆలోచించండి.