అధ్యక్షులవారి మైకులోనూ అదే చిప్పు

పెద్ద పోస్టే, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

పోయిన వారం మన కమిటీ రెండు నిర్ణయాలు తీసుకుంది. దసరా కార్యక్రమంలో ముగ్గురు పిల్లలు అడిగిన పది నిమిషాలు ఇవ్వకూడదన్నది ఒకటి. ఆదివారాలు మేడమీద గదిలో వాళ్ళు చేసుకుంటున్న ఎలక్ట్రానిక్స్ పని ఆపించాలన్నది రెండోది. కారణం మినిట్స్‌లో రాశారు: "అది వాయిద్యం కాదు, చప్పుడు." ఈ ఆదివారం జనరల్ బాడీ ఉంది కాబట్టి, నా అభ్యంతరం అందరి ముందే పెడుతున్నాను. గుసగుసలు నాకు చేతకావు.

ముందు ఆ పిల్లలు చేసిందేమిటో చెప్పాలి. కమిటీలో చాలామంది వినకుండానే చెయ్యెత్తారు కాబట్టి. తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు ఇద్దరు, ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె. మైసూరుపాక్ డబ్బాలో సీడీ40106 అనే చిప్పు పెట్టారు. అందులో ఆరు ఇన్వర్టర్లుంటాయి. ఒక్కోదానికి ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు తగిలిస్తే ఒక్కో స్వరం పలుకుతుంది. నాబ్ తిప్పితే స్వరం పైకీ కిందకీ పోతుంది. సింథసైజర్ అనే పెద్ద పేరు వెనకున్న చిన్న సంగతి అదే. నిజం చెప్పాలంటే వట్టి ఆ డబ్బా రెండు నిమిషాలకే విసుగు పుట్టిస్తుంది, కీమని ఒకటే కూత. అప్పుడు ఆ అమ్మాయి అడిగింది: "అంకుల్, గుడిలో గంట కొడితే ఆ మోత కాసేపు ఉంటుంది కదా, దీనికెందుకు ఉండదు?"

ఆ ప్రశ్నకి జవాబు కోసమే వాళ్ళు ఇంట్లోనే డిలే కట్టుకున్నారు. పీటీ2399 అని పదహారు పిన్నుల చిప్పు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో యాభై రూపాయల లోపే దొరుకుతుంది. తైవాన్ కంపెనీ దాన్ని కరోకే యంత్రాల్లో ఎకో కోసం తయారుచేసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన హాల్లో యాంప్లిఫయరు ఉంది. దానికి ఎకో అని ఒక నాబ్ ఉంది. ఆ నాబ్ ఎప్పుడూ సగానికి పైనే ఉంటుంది. అధ్యక్షులవారు "సభకు నమస్కారం" అంటే "స్కారం... స్కారం..." అని వెనకనించి వినిపించేది దాని చలవే. పోయినేడు ఆ యాంప్లిఫయరు మూగబోతే మూత తీసి చూసింది నేనే. లోపల ఎకో బోర్డు మీద కూర్చున్నది అదే పీటీ2399. అంటే ఒకే చిప్పు అధ్యక్షులవారి గొంతు సాగదీస్తే గంభీరం, పిల్లల డబ్బా సాగదీస్తే చప్పుడు. ఇదెక్కడి న్యాయమండీ?

పైగా తేడా ఒకటుంది. మనం ఎకో పెంచేది శ్రుతి తప్పింది తెలియకుండా ఉండటానికి. భజనలో పల్లవి జారితే సౌండు సెట్టు అబ్బాయి కేసి చూసి వేలు తిప్పడం మనందరం చూసిందే. పిల్లలు వాడేది దాచడానికి కాదు. ధ్వని ఎక్కడికి వెళ్ళి ఎలా తిరిగొస్తుందో తెలుసుకోడానికి.

"ఫోన్లో ఉచితంగా యాప్ ఉంది, ఇంత శ్రమ దేనికి" అన్న పెద్దమనిషి మాట కొందరికి నచ్చింది. ఆయన వైట్‌ఫీల్డులో చిప్పుల డిజైను చేసే ఉద్యోగంలో ఉన్నారు. ఆయనే ఆ మాటంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. యాప్‌లో డిలే అంటే ఒక గీత మీద జరిపే చుక్క. జరిపితే మారుతుంది, ఎందుకు మారిందో అది చెప్పదు. ఈ చిప్పులో అయితే కారణం చేతికి తగులుతుంది. వచ్చిన ధ్వనిని ఒకట్లు, సున్నాలుగా మార్చి లోపలి జ్ఞాపకంలో రాసుకుంటుంది, కాసేపయ్యాక చదివి వినిపిస్తుంది. ఆ జాగా 44 కిలోబిట్లు, అంతకుమించి లేదు. ఎక్కువసేపు ఉంచాలంటే నెమ్మదిగా రాయాలి. నెమ్మదిగా రాస్తే వివరం పోతుంది. అందుకే 30 మిల్లీసెకన్ల దగ్గర శుభ్రంగా ఉన్న ధ్వని 340 దగ్గరికి వచ్చేసరికి ఇసుక కలిసినట్టు గరగరలాడుతుంది. ఇంజినీరింగులో శాంప్లింగ్ సిద్ధాంతం బట్టీ పట్టి పరీక్ష రాసినవాళ్ళం మనలో ఎంతమందిమి లేము! ఎనిమిదో తరగతి పిల్ల దాన్ని చెవితో విని, "అంకుల్, పుస్తకం చిన్నది, కథ పెద్దది, అందుకే అక్షరాలు ఎగిరిపోతున్నాయి" అంది. నాకు అంతకన్నా బాగా చెప్పడం రాదు.

ఇంకొకటి. ధ్వని లోపల ఉండగా ఆ డిలే నాబ్ తిప్పితే స్వరం వంగుతుంది. ఒక వేగంతో రాసినదాన్ని ఇంకో వేగంతో చదువుతోంది కాబట్టి. బయటికొచ్చిన ధ్వనిని కొంచెం మళ్ళీ లోపలికి పంపితే మోత మీద మోత పడుతుంది. ఎక్కువ పంపితే ఇక ఆగదు, తనంతట తానే ఊళపెడుతుంది. కమిటీ వాళ్ళు మెట్ల మీద నించి విన్నది ఆ ఊళే అనుకుంటాను. అప్పుడు తలుపు తీసి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

పని సులువుగా జరగలేదు. 9 వోల్టుల డబ్బా ధ్వనిని 5 వోల్టుల చిప్పులోకి తిన్నగా పంపితే బద్దలైన గొంతే వస్తుంది. రెండు రెసిస్టర్లు పెట్టి పదకొండో వంతుకి తగ్గించారు. తరవాత ఇంకో తంటా. స్విచ్ వేసినప్పుడు డిలే నాబ్ సున్నా దగ్గరుంటే ఈ చిప్పు ఒక్కోసారి బిగుసుకుపోతుంది, పలకదు. రెండు ఆదివారాలు అక్కడే పోయాయి. వైర్లు మార్చారు, చిప్పు మార్చారు, నన్ను తిట్టుకున్నారు కూడా. చివరికి ఆరో పిన్ను దారిలో రెండు కిలో ఓముల రెసిస్టరు ఒకటి అదనంగా పెడితే కుదిరింది. దాని ధర ఒక రూపాయి ఉంటుందేమో. వేలకి వేలు పోసి రోబోటిక్స్ క్లాసుకి పంపుతున్నాం కదా, అక్కడ ఏదీ పాడవదు. అన్నీ ముందే కుదిర్చి పెట్టెలో పెట్టి ఇస్తారు. పాడైనదాన్ని రెండు వారాలు పట్టుకు వేలాడటం ఏ కిట్టులో వస్తుంది?

"వాయిద్యం కాదు" అన్న మాట దగ్గరికి వస్తాను. ఈ మాట మనకి కొత్తది కాదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. గమకం పలకదు, మెట్లు కదలవు, మన సంగీతానికి పరాయిది అన్నారు. గొప్ప గొప్పవాళ్ళే అన్నారు. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఆ ముప్పై ఏళ్ళూ తెలుగు పల్లెల్లో ఏం జరిగింది? హార్మోనియం లేకుండా రాయబారం సీను ఎక్కడైనా ఆడారా? కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే హార్మోనిస్టు రాగం అందుకోకపోతే జనం కుర్చీల్లో కూర్చునేవారా? రేడియో వద్దన్న పెట్టెని మన నాటకం నెత్తిన పెట్టుకుంది. ఇప్పుడు మన హాలు బీరువాలో ఉన్న పాత హార్మోనియానికి విజయదశమి నాడు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తున్నది ఈ కమిటీయే.

వయొలిన్ మాత్రం మన తాత చెక్కాడా? దాన్ని తెలుగువాళ్ళ గొంతుగా మార్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పుట్టింది ఈ బెంగళూరులోనే, 1893లో. పాలకొల్లు శ్రీనివాస్ తొమ్మిదేళ్ళ వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో మాండలిన్ పట్టుకు కూర్చున్నాడు. అతన్ని కిందకి దించేసి ఉంటే? ఎలక్ట్రానిక్ తంబూరా సంగతికొస్తే, బెంగళూరు రాడెల్ సంస్థ స్థాపించిన జి. రాజ్ నారాయణ్‌గారు ఇంజినీరు, వేణువు విద్వాంసుడు. ఆ కోవ పెట్టె పక్కన పెట్టుకునే మన సంగీతం టీచరుగారు పాఠం చెబుతారు. అది కూడా చిప్పే, చెక్క కాదు. ఎవరూ మినిట్స్‌లో రాయలేదు మరి.

ఇక "చప్పుడు". వేరే ఊళ్ళో ఈ మాట తిట్టు కావచ్చు. దొడ్డబళ్ళాపురంలో ఎలా అవుతుందండీ? పవర్లూముల ఊరు ఇది. మన సంఘంలో కొందరం ఫ్యాక్టరీ ఉద్యోగాలకి తరవాత వచ్చినవాళ్ళం. కానీ సంఘం మొదలుపెట్టిన పెద్దల్లో మగ్గాల ఇళ్ళవాళ్ళున్నారు. వాళ్ళ పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, ఈ హాలు పునాది రాయి కూడా ఆ టకటకల్లోంచే వచ్చాయి. ఆ ముగ్గురిలో ఒక కుర్రాడిది మగ్గాల ఇల్లే. వాడేం చేశాడో తెలుసా? ఇంట్లో మగ్గం నిమిషానికి 120 పోట్లు వేస్తోందని లెక్కపెట్టాడు. అంటే అర సెకనుకి ఒకటి. డిలేని అందులో సగానికి, 250 మిల్లీసెకన్లకి పెట్టాడు. డబ్బా ఒక దెబ్బ వేస్తే దాని మోత సరిగ్గా మగ్గం రెండు దెబ్బల మధ్య పడుతుంది. వాళ్ళ నాయన నైట్ షిఫ్టు అయ్యాక వచ్చి విని, మాట్లాడకుండా మళ్ళీ వెయ్యమన్నాడు. వాళ్ళు దసరాకి వినిపిస్తామన్న పది నిమిషాలు అదే.

ప్రమాదం అన్న మాట మాత్రం నేను కాదనను. పాత యాంప్లిఫయర్లు, కరెంటుకి తగిలించే పెట్టెలు పిల్లలు తెరవకూడదు. ప్లగ్ పీకినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. అందుకే వాళ్ళ పని అంతా బ్యాటరీ మీదే. టంకం వేసేటప్పుడు పెద్దవాళ్ళు ఒకరు పక్కనుండాలి, కిటికీలు తెరిచుండాలి. ఈ షరతులు రాతపూర్వకంగా పెట్టండి, నేను సంతకం చేస్తాను. శబ్దం ఎక్కువంటే సాయంత్రం ఆరు తరవాత వద్దనండి, ఒప్పుకుంటాను. పది నిమిషాలు ఎక్కువైతే ఏడు చాలు.

నేను కోరేది ఆ రెండు నిర్ణయాలనీ ఆదివారం ఓటుకి పెట్టమని. చెయ్యెత్తే ముందు వినమని. డబ్బా బల్ల మీద ఉంటుంది, కొత్త బ్యాటరీ నేను తెస్తాను. అంతవరకూ హాలు యాంప్లిఫయరు ఎకో నాబ్ మాత్రం సున్నాలో పెట్టండి, అందరి మాటా మామూలుగా వినపడనీ.