సీటు మీద రుమాలు

"మేం ఇంత పోసి ఇల్లు కొన్నదే ఆ స్కూలు కోసం. ఇప్పుడు గీత మారుస్తామంటే ఎలా ఊరుకుంటాం?"

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళలో ఈ మాట అననివాళ్ళు తక్కువ. అనలేదంటే ఇంకా పిల్లలు పుట్టలేదనో, పుట్టినవాళ్ళు కాలేజీకి వెళ్ళిపోయారనో అర్థం. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మన ఆర్టీసీ బస్సు గుర్తొస్తుంది. బస్సు ఇంకా ఆగకముందే పక్కన పరిగెత్తి, కిటికీలోంచి సీటు మీద రుమాలు పడేసేవాళ్ళం. ఆ తరవాత తీరిగ్గా ఎక్కి, అక్కడ కూర్చున్నవాడితో "రుమాలు కనపళ్ళేదా?" అని తగాదా. రుమాలు వేస్తే సీటు మనదవుతుందని ఏ టిక్కెట్టు మీదా రాసి ఉండదు. కానీ ఆ తగాదా పడేటప్పుడు మన గొంతులో పలికే న్యాయం చూడాలి!

ఇక్కడ ఇల్లు కూడా అలాంటి రుమాలే. కాకపోతే అర మిలియను డాలర్ల రుమాలు.

ఇంటి దగ్గర్నించి చదివేవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఇక్కడ గవర్నమెంటు బళ్ళో సీటు అడ్రసుని బట్టి వస్తుంది. స్కూలు డిస్ట్రిక్టు వాళ్ళు మ్యాపు మీద గీతలు గీసి, ఈ వీధులవాళ్ళు ఈ స్కూలు, ఆ వీధులవాళ్ళు ఆ స్కూలు అని పంచుతారు. ఫీజుండదు. ఓ పక్కన కొత్త ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు లేచేసరికి అక్కడి స్కూలు కిక్కిరిసిపోతుంది. ఆటస్థలంలో ట్రైలర్లు పెట్టి పాఠాలు చెబుతారు. ఇంకో పక్క కాలనీ ముసలిదైపోయి, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయి, స్కూల్లో గదులు ఖాళీగా ఉంటాయి. అప్పుడు చెయ్యగలిగినవి మూడు: ఇంకో స్కూలు కట్టడం, ఇంకో ట్రైలరు తేవడం, గీత జరపడం. మొదటిదానికి ఏళ్ళూ, కోట్లూ పడతాయి. రెండోదాన్ని ఎవరూ అడ్డుకోరు, ఎందుకంటే ఆ ట్రైలర్లో కూర్చునేది ఎవరో ఒకరి పిల్లలు, పేరూ ఊరూ ఉండదు. మూడోదానికి మాత్రం ఊరంతా రోడ్డెక్కుతుంది.

మా మేరీలాండులోనే హావర్డ్ కౌంటీ సంగతి తీసుకోండి. 2019 ఆగస్టులో సూపరింటెండెంటు మైఖేల్ మార్టిరానో ఒక ప్రతిపాదన పెట్టాడు. దాదాపు 58 వేల మంది పిల్లల్లో సుమారు 7,400 మందిని స్కూళ్ళు మార్చాలని. కారణాలు రెండు. కొన్ని స్కూళ్ళు పట్టనంత నిండిపోయాయి, కొన్నిట్లో చోటుంది. రెండోది, బీద పిల్లలంతా కొన్ని స్కూళ్ళలోనే పోగుపడ్డారు. అదే వేసవిలో కౌంటీ కౌన్సిల్లో ముగ్గురు సభ్యులు, బడుల్లో అన్ని రకాల పిల్లలూ కలిసేలా చట్టబద్ధమైన ప్రణాళిక వెయ్యండని ఒక తీర్మానం పెట్టారు. ఇక చూస్కోండి. ప్లకార్డులు, ఊరేగింపులు, అర్ధరాత్రి దాకా సాగిన విచారణలు, తీర్మానం పెట్టినవాళ్ళకి బెదిరింపులు. ఇదంతా కార్ల వెనక "చూజ్ సివిలిటీ" అని స్టిక్కర్లు అంటించుకునే కౌంటీలో. అన్ని రంగులవాళ్ళూ, అన్ని అంతస్తులవాళ్ళూ కలిసి బతకాలని జేమ్స్ రౌజ్ అనే పెద్దమనిషి 1967లో కట్టించిన కొలంబియా ఊళ్ళో. చివరికి ఆ నవంబరులో బోర్డు సుమారు 5,400 మందిని మార్చడానికి ఒప్పుకుంది.

అప్పుడు బాగా వినబడిన ప్రశ్న ఒకటుంది. "మా స్కూలు నిండిపోలేదుగా, మమ్మల్నెందుకు కదపడం?" పైకి సబబుగానే ఉంటుంది. మళ్ళీ బస్సులోకే రండి. జనం ముందు తలుపు దగ్గర వేలాడుతున్నారు, వెనక ఖాళీ ఉంది. కండక్టరు "జరగండి, జరగండి" అని అరుస్తాడు. మధ్యలో హాయిగా నుంచున్నవాడు "నాకు ఇరుగ్గా లేదే, నేనెందుకు జరగాలి?" అంటే ఏం చెప్తాం? ముందున్నవాణ్ణి ఎత్తి వెనక్కి గిరాటెయ్యలేంగా! హావర్డ్ కౌంటీలో ఇరుకంతా ఎక్కువగా తూర్పున, చోటు ఎక్కువగా పడమట. తూర్పు పిల్లల్ని తిన్నగా పడమటి చివరికి పంపిస్తే బస్సులోనే తెల్లారుతుంది. కాబట్టి ప్రతి స్కూలూ పక్కదానికి కాస్త చోటిస్తూ జరగాలి. బళ్ళు 90 నుంచి 110 శాతం మధ్య నిండి ఉండాలన్నది ఆ డిస్ట్రిక్టు పెట్టుకున్న లెక్క. గీత జరపకుండా ఆ లెక్క ఎలా కుదురుతుందో నాకెవరూ చెప్పలేదు.

అసలు గొడవ జరగడం గురించి కాదనుకోండి. ఎటు జరగాలన్నదాని గురించి. క్లార్క్స్‌విల్ వైపు ఇళ్ళు కొన్నిటిని రివర్ హిల్ హైస్కూలు నుంచి వైల్డ్ లేక్ హైస్కూలుకి మార్చాలన్నారు. రెంటికీ మధ్య దూరం కొద్ది మైళ్ళే. కానీ మొదటిదాంట్లో ఉచితంగానో, తక్కువ ధరకో మధ్యాహ్న భోజనం తీసుకునే పిల్లలు అప్పుడు ఐదు శాతం లోపు, రెండోదాంట్లో నలభై శాతం పైన. అక్కడే అందరికీ హఠాత్తుగా బస్సు ప్రయాణం మీద, పిల్లల నిద్ర మీద, పెట్రోలు పొగ మీద ఎక్కళ్ళేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఆ శ్రద్ధ చూపించినవాళ్ళలో తెల్లవాళ్ళున్నారు, చైనావాళ్ళున్నారు, కొరియావాళ్ళున్నారు, మనమూ ఉన్నాం. ఇదే మనవాళ్ళు శనివారం కూచిపూడి క్లాసుకీ, ఆదివారం మ్యాథ్ కోచింగుకీ పిల్లల్ని అరగంట, ముప్పావుగంట కారులో తిప్పుతారు. అప్పుడు దూరం దూరం కాదు.

"స్కూలు మంచిది కాదండీ, రేటింగు ఆరు" అంటారు. ఆ రేటింగేవిటో ఒకసారి చూద్దాం. దాంట్లో పెద్ద వాటా పరీక్షల మార్కులది. మార్కులు ఇంటి ఆదాయాన్నీ, తల్లిదండ్రుల చదువునీ బట్టి ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు. ఇద్దరు ఇంజనీర్ల పిల్ల ఆరో నంబరు స్కూల్లో కూర్చున్నంత మాత్రాన ఆ పిల్లకి ఆరో నంబరు బుర్ర రాదు. మన ఊళ్ళో కార్పొరేట్ కాలేజీలవాళ్ళు బస్‌స్టాండు ఎదురుగా ర్యాంకుల హోర్డింగు పెడతారు చూడండి, ఒకటీ ఒకటీ, రెండూ రెండూ అని పాస్‌పోర్టు ఫోటోలతో. ఆ ర్యాంకులన్నీ కాలేజీ ప్రతిభేనా, లేక మొదటే మెరికల్ని ఏరుకున్న ఫలితమా అని మనమే వెక్కిరిస్తాం. ఇక్కడికొచ్చాక అదే హోర్డింగు రియల్టరు ఫోన్లో చూపిస్తే మాత్రం కళ్ళకద్దుకుంటాం.

గీతకి ధర ఉన్నమాట నిజమే. శాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త బోస్టన్ చుట్టుపక్కల ఊళ్ళలో గీతకి ఇటూ అటూ ఉన్న ఇళ్ళని పోల్చి 1999లో ఒక వ్యాసం ప్రచురించింది. పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువుంటే ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ ఇవ్వడానికి జనం సిద్ధపడుతున్నారని తేల్చింది. అంటే మీరు ఎక్కువ ఇచ్చారు, కాదనను. ఎవరికిచ్చారు? పాత ఇంటాయనకి. ఆయన ఆ డబ్బుతో ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. స్కూలుకి అందులో పెన్నీ అందలేదు. రిజిస్ట్రేషను కాగితాల్లో మీ గట్టులూ కొలతలూ ఉంటాయి, పైపులైను వాడి హక్కు కూడా ఉంటుంది, స్కూలు పేరు ఉండదు. ఏ లిస్టింగు అయినా కిందకి చదవండి, స్కూళ్ళు మారవచ్చు, మీరే కనుక్కోండి అని చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది. మార్ట్‌గేజీలో అణా వంతు వడ్డీ తేడాని పట్టుకునే మనకి ఆ చిన్నక్షరాలు కనబళ్ళేదంటే నేను నమ్మను.

"మేం ఎక్కువ ప్రాపర్టీ టాక్సు కడుతున్నాం" అన్నది తరవాతి అస్త్రం. మేరీలాండులో స్కూలు డిస్ట్రిక్టులు మొత్తం 24, కౌంటీకొకటి, బాల్టిమోర్ నగరానికొకటి. కాబట్టి ఆ టాక్సు వెళ్ళేది కౌంటీకి. పిల్లల్లేని ముసలి దంపతులూ కడుతున్నారు, అద్దెలో కలిపి అపార్ట్‌మెంటువాళ్ళూ కడుతున్నారు. న్యూజెర్సీలో ఐతే దాదాపు ఆరువందల డిస్ట్రిక్టులు, ఊరి హద్దే స్కూలు హద్దు. అక్కడ పక్క ఊళ్ళో గదులు ఖాళీగా ఉన్నా గీత దాటించే వీల్లేదు. 1974లో డెట్రాయిట్ కేసులో సుప్రీం కోర్టు డిస్ట్రిక్టు హద్దు దాటి పిల్లల్ని కలపమనడం కుదరదని 5-4తో తేల్చాక ఆ ఊరి గోడలు ఇంకా గట్టిపడ్డాయి. ఒక కౌంటీ మొత్తం ఒకే డిస్ట్రిక్టు కావడం వల్ల ఇక్కడ గీత జరపగలుగుతున్నారు. దాన్ని కూడా గోడగా మార్చమని అడిగేవాళ్ళలో మనం ముందుండటం నాకు మింగుడుపడదు.

ఎందుకుంటున్నామో ఊహించగలను. మనలో చాలామందికి గవర్నమెంటు బడి అంటే అందరి బడి అన్న ఊహే లేదు. 1966లోనే కొఠారి కమిషన్ ఇరుగుపొరుగు పిల్లలంతా ఒకే బడికి వెళ్ళే పద్ధతి రావాలంది. ఎవరు విన్నారు? కలిగినవాళ్ళు కాన్వెంటుకి, లేనివాళ్ళు వీధి బడికి. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బళ్ళలో 25 శాతం సీట్లు బీద పిల్లలకివ్వమంటే కోర్టులదాకా లాగారు. ఆ అలవాటే సూట్‌కేసులో పెట్టుకొచ్చాం. ఇక్కడ ప్రైవేటు స్కూలు ఫీజు భరించలేం. అంచేత పబ్లిక్ స్కూల్నే కాన్వెంటు చేసుకున్నాం, ఫీజు మార్ట్‌గేజీలో కలిపి కడుతున్నాం. గీత జరిపితే కాన్వెంటుకి కాంపౌండు గోడ కూలినట్టు ఉంటుంది మరి.

ఇంకొకటి. ఈ విచారణల్లో "అపార్ట్‌మెంట్ల పిల్లలు" అన్న మాట తరచు వినబడుతుంది. ఎవరా పిల్లలు? మొన్న హెచ్‌-1బీ మీద దిగి, రెండు బెడ్‌రూముల అద్దె ఇంట్లో ఉంటున్న మన పిన్ని కొడుకు పిల్లలు వాళ్ళలో లేరా? పదిహేనేళ్ళ కింద మనమూ ఆ మెట్లమీదే కూరల సంచులు మోసినవాళ్ళం. గీత మారేటప్పుడు అపార్ట్‌మెంట్లని కదపడం సులువు, వాళ్ళు మీటింగుకి రారు. రెండో ఉద్యోగంలోనో, వీసా భయంలోనో ఉంటారు.

న్యాయమైన కంప్లయింట్లు లేవనను. పదకొండో తరగతిలో ఉన్న పిల్లని కదపడం తప్పు. ఒకే వీధిని నాలుగేళ్ళలో రెండుసార్లు మార్చడం ఇంకా తప్పు. అన్నని ఓ బడికీ చెల్లిని ఇంకో బడికీ పంపమనడం అన్యాయం. ఇవి అడగండి, గట్టిగా అడగండి. వాటిని కంచె చేసుకుని వెనక దాక్కోవద్దు, అంతే.

కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ సంగతి చెప్పి వదిలేస్తాను. 2000 ప్రాంతంలో మిషన్ శాన్ హోసే హైస్కూలుకి వెళ్ళే కొన్ని కాలనీలని ఇర్వింగ్టన్ హైస్కూలుకి మారిస్తే, ఆ తల్లిదండ్రుల్లో కొందరు డిస్ట్రిక్టు నుంచే విడిపోతామని బయల్దేరారు. ఇవాళ ఇర్వింగ్టన్ పేరు చూపించి ఇళ్ళు అమ్ముతున్నారు. కొనేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు.

నిజంగా కోపం రావాల్సింది ఇంకోచోట ఉంది. బళ్ళో చోటుందో లేదో చూడకుండా వందలకొద్దీ ఇళ్ళకి అనుమతులిచ్చేస్తారు. దీనికి హావర్డ్ కౌంటీలో ఒక చట్టం ఉంది, దగ్గర్లోని స్కూళ్ళు ఓ మేరకి మించి నిండితే కొత్త ఇళ్ళు కొంతకాలం ఆగాలని. 2018లో దాన్ని ఇంకాస్త బిగించి, హైస్కూళ్ళకి 115 శాతం హద్దు పెట్టారు. అలాంటి చట్టాల మీద బిల్డర్లు ప్రతిసారీ లాయర్లతో వచ్చి మాట్లాడతారు. మా కౌంటీలో అలాంటి విచారణలకి నేను రెండుసార్లు వెళ్ళాను. బిల్డర్ల వైపు కుర్చీలు నిండాయి. మన వైపు నేనూ, ఓ రిటైరైన టీచరమ్మా. అది కూడా సాయంత్రాలే పెడతారు, ఆఫీసు అయ్యాక. పార్కింగు ఫ్రీ.