బొంతకీ టైంషీటు కావాలి

షిబోరి అంటే జపాన్ వాళ్ళ అద్దకం. గుడ్డని మడిచి, దారంతో బిగించి నీలిమందులో ముంచితే కట్టిన చోట రంగెక్కదు. అలాంటి ముక్కలతో కుట్టిన క్విల్టుని వేలు పోసి కొంటాం. మా శ్రీకాకుళం వైపు మెత్తబడ్డ నేతచీరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టే బొంతకి మాత్రం కూలి దగ్గర బేరాలు! (అదైనా ఎన్నాళ్ళులెండి.. ఇప్పుడు ఇంట్లో చీరలన్నీ పాలియెస్టరే, చెమట పీల్చవు.)

వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పొందూరు ఇక్కడే ఉంది. ఆ ఖద్దరుకి షిబోరి అద్దకం వేయించి, బొంతలు కుట్టించి అమ్మొచ్చు. నాకూ నచ్చే ఆలోచనే. కానీ నడుం వంచి రోజుల తరబడి వేసిన కుట్లకి లెక్కేది? క్లయింటుకి గంటల లెక్కన బిల్లు వేసే మనం, వాళ్ళకి మాత్రం బొంతకింత అని గుత్తగా ఇస్తామంటే ఎలా? ముందు ఆ గంటలు రాయించండి, రేటు సంగతి తర్వాత మాట్లాడదాం.