ఆటల అంగడిలో తూకపురాయి యేది?

వర్తకమునకు మొదటి ధర్మము తూకము. వెల హెచ్చుగా నుండవచ్చును, తక్కువగా నుండవచ్చును. అది కొనువాని యిచ్ఛకును అమ్మువాని యవసరమునకును సంబంధించిన సంగతి. కాని తానిచ్చు సొమ్మెంత, పుచ్చుకొను సరకెట్టిది, అది యెన్నాళ్లు తనదియై యుండును అను మూడు విషయములు కొనువానికి ముందుగా దెలియవలెను. కేసముద్రము మార్కెట్టులో మిరపబస్తా కాంటా మీది కెక్కినప్పుడు రైతు చూపు మరియొక వైపునకు దిరుగదు. కాంటాకు ప్రభుత్వముద్ర లేకున్న నేరము. పొట్లముపై గరిష్ఠమైన వెల ముద్రింపకున్న నేరము. 2009 నాటి తూనికలు కొలతల చట్టమును, దాని ననుసరించిన నిబంధనలును ఇందులకే పుట్టినవి. ఇంత జాగ్రత్త గల దేశమున, జనగామ మొదలు భూపాలపల్లి వరకు ప్రతి యింటను ఫోనులో రాత్రింబవళ్లు తెరచియుండు నొక పెద్ద యంగడికి మాత్రము తూకపురాయి లేదు. ఆ యంగడి వీడియో ఆటల వర్తకము.

మేము ఆటలను ద్వేషించువారము కాము. ఈ వ్యాసము వ్రాయువాడును ఆటగాడే. చిత్రలేఖనము, సంగీతము, కథాకల్పనము, గణితము ఒక్కచోట గూడిన యీ విద్య గొప్పదని మా నమ్మకము. దానిని నిర్మించు వారికి తగిన ప్రతిఫలము దక్కవలసినదే. మా యాక్షేపణ ఆట మీద గాదు, అమ్మకపు రీతి మీద.

మొదట వెల సంగతి. ప్లేస్టేషన్ 5 యంత్రము 2021 ఫిబ్రవరిలో మన దేశమున విక్రయమునకు వచ్చినప్పుడు సోనీ కంపెనీ తన కొత్త యాటలలో కొన్నిటికి పెట్టిన వెల 4,999 రూపాయలు. అమెరికాలో అవియే 70 డాలర్లు. నాటి మారకమున రెండును ఇంచుమించు సమానమే. కాని వెల సమానమైనంత మాత్రమున భారము సమానము కాదు. అమెరికాలో 2009 నుండి అమలులో నున్న కనీస వేతనము గంటకు 7.25 డాలర్లు; అక్కడి కూలివాడు పది గంటలు పనిచేసిన నాట సొమ్ము చేతికి వచ్చును. మన రాష్ట్రమున 2025-26 సంవత్సరమునకు ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు; ఇక్కడి కూలివాడు పదునారు దినములు పనిచేసినను ఆ మొత్తము పూర్తికాదు. అదే సంవత్సరము సాధారణ ధాన్యమునకు కేంద్రము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలునకు 2,369 రూపాయలు. అనగా ఒక యాటకు రెండు క్వింటాళ్ల వడ్లు పోసినను చాలవు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత కింతకంటె నిదర్శన మేల?

అయినను ఈ వెలను మేము మోస మనము. అది తన్ను దాను చెప్పుకొను వెల. ఇష్టమున్నవాడు కొనును, లేనివాడు మానుకొనును, ఓపికగలవాడు వెల తగ్గువరకు వేచియుండును. నిర్మాణవ్యయము పెరిగినదని కంపెనీలు చెప్పుమాటలోను సత్యము కలదు. దేశమునకొక వెల పెట్టిన, చౌకదేశపు వెలకు ఇతర దేశములవారు కొందురను భయమును నిరాధారము కాదు. స్టీమ్ అను ఆటల విపణి 2015లో మనకు రూపాయలలో వెలలు చూపనారంభించినది. అదే విపణి 2023 నవంబరులో అర్జెంటీనా, టర్కీ దేశముల నాణెములను విడిచి డాలర్లలో వెలలు కట్టినది. వెల గూర్చిన వాదము బహిరంగముగా సాగుచున్నది గనుక తీరుపునకు వచ్చును. మనయిండ్లకు చేటు తెచ్చునది వేరు. అది వెల లేదని చెప్పి లోనికి వచ్చునది.

మన పల్లెలలో ఆడబడునవి ఖరీదైన యంత్రముల యాటలు కావు. ఉచితముగా ఫోనులో దిగు ఆటలు. ఆడువారిలో కొలదిమంది మాత్రమే డబ్బు చెల్లింతురు. వ్యాపారమంతయు ఆ కొలదిమంది మీదనే నడచును. మిక్కిలిగా ఖర్చు పెట్టువారిని ఆ వర్తకులే తమలో తాము తిమింగిలములని పిలుచుకొందురు. వేటగాని భాష యది, వర్తకుని భాష కాదు.

వేట సాధనములలో మొదటిది దొంగనాణెము. ఆటలోని యుడుపులు, ఆయుధముల యలంకారములు రూపాయలకు దొరకవు. ముందుగా రూపాయలిచ్చి వజ్రములో, యూసీలో, మరియొక పేరిటి టోకెన్లో కొనవలెను. వానితో సరకు కొనవలెను. నిజాము కాలపు హాలీసిక్కాకును ఆంగ్లేయుల కల్దారుకును నడుమ వట్టము లెక్కలు పెద్దలకు దెలియును. కాని హాలీ యిచ్చి కల్దారు, కల్దారు ఇచ్చి హాలీ పుచ్చుకొనుట కవకాశముండెను. ఆట నాణెము ఒకమారు చేతికి వచ్చిన మరల రూపాయి కాదు. పైగా నాణెముల మూటలు సరకు వెలకు సరిపోవునట్లు కట్టరు; కొంచెము మిగులునట్లో, కొంచెము తక్కువగునట్లో కట్టుదురు. మిగిలినదానిని వ్యర్థము చేయనేల యని మరియొక మూట కొనుట మానవ స్వభావము. ఆ స్వభావమును లెక్కించియే మూట కట్టబడినది.

రెండవది మూసిన పెట్టె. డబ్బిచ్చి పెట్టె తెరచిన నేమి వచ్చునో తెలియదు. కోరినది వచ్చుట అరుదు. జపానులో వినియోగదారుల వ్యవహారముల సంస్థ 2012లో ఇట్టి పద్ధతులలో నొకదానిని చట్టవిరుద్ధమని ప్రకటించినది. చైనాలో 2017 మే నుండి సంభావ్యతలను వెల్లడింపవలెనని నియమమేర్పడినది. బెల్జియము జూద నియంత్రణ సంఘము 2018లో కొన్ని యాటలలోని పెట్టెలు జూదమేయని తేల్చినది. దక్షిణ కొరియాలో 2024 మార్చి నుండి సంభావ్యతల ప్రకటన శాసనబద్ధమైనది.

మనమును చేతులు కట్టుకొని కూర్చుండలేదు. తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి జూద చట్టమును 2017లో సవరించి డబ్బుపెట్టి యాడు ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. 2025 ఆగస్టు 21వ తేదీన పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల చట్టము దేశమంతట అట్టి పందెములను మూసివేసినది. ఎన్నో కుటుంబముల నార్పిన అగ్ని యది. దానిని చల్లార్చిన శాసనమును మేము హృదయపూర్వకముగా నభినందించుచున్నాము. కాని ఆ చట్టము చూచినది గెలిచిన సొమ్ము చేతికి వచ్చు ఆటలను. సొమ్ము పోవుటయే గాని వచ్చుట లేని మూసిన పెట్టెను గూర్చి అందు పేరెత్తి చెప్పిన మాట లేదు. సంభావ్యత ప్రకటింపవలెనను నిబంధనయు లేదు. గెలుపు గల పందెము నేరమై, గెలుపే లేని పందెము నిరపరాధమగుట న్యాయశాస్త్రమున వింత.

మూడవది యాజమాన్యపు సంగతి. పెంబర్తి కంసాలి చేసిన యిత్తడి దీపపు సెమ్మె నొకమారు కొన్నవాడు మనుమనికి విడిచి పోవచ్చును. ఆటను కొన్నవాని కట్టి ధైర్యము లేదు. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో విడుదల చేసిన ది క్రూ అను ఆటకు 2024 మార్చి 31వ తేదీన సర్వర్లు నిలిపివేసినది. పళ్లెము కొని బీరువాలో దాచుకొన్నవారికిని ఆనాటినుండి ఆట లేదు. అందుమీద ఐరోపాలో పుట్టిన విజ్ఞాపనపై 2025 జూలై నాటికి పది లక్షలకు పైగా పౌరులు సంతకములు చేసిరి. కాలిఫోర్నియా రాష్ట్రము 2025 జనవరి నుండి, అనుమతి మాత్రమే యిచ్చుచు ఆ సంగతి స్పష్టముగా జెప్పక కొనుగోలు అను మాట వాడరాదని శాసించినది. అద్దెకిచ్చుట తప్పు కాదు. అద్దెకిచ్చి అమ్మితి ననుట తప్పు.

ఇక అన్నిటికంటె ముఖ్యము బిడ్డల సంగతి. వడ్లు, పత్తి అమ్మిన సొమ్ము నేడు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుచున్నది. సింగరేణి జీతము నంతే. ఆ ఖాతాకును పిల్లవాని చేతిలోని ఫోనుకును నడుమ నాలుగో ఆరో అంకెల పిన్ మాత్రమే అడ్డు. పబ్జీ మొబైల్ 2020 సెప్టెంబరులో నిషేధింపబడిన పిమ్మట 2021లో దాని స్థానమున వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియాకు క్రాఫ్టన్ కంపెనీ యొక నియమము ప్రకటించినది: పదునెనిమిదేండ్లు నిండనివారు దినమునకు 7,000 రూపాయలకు మించి ఖర్చు చేయరాదు. హద్దు పెట్టుట మంచిదే. కాని యా హద్దు ఇంచుమించు మూడు క్వింటాళ్ల ధాన్యపు వెల! ఒక్క దినమునకు, ఒక్క బాలునకు!

1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము మైనరునకు ఒడంబడిక చేసికొను అర్హత లేదు. అట్టి ఒడంబడిక మొదలే చెల్లదని ప్రీవీ కౌన్సిలు 1903లో తీర్పు చెప్పినది. మైనరు వ్రాసిన తాకట్టు దస్తావేజు చెల్లదని మన భూస్వాములందరు నెరిగినదే. పొలము విషయమున చెల్లని చేవ్రాలు ఫోను విషయమున నెట్లు చెల్లును? ఫోను తండ్రిది, పిన్ తండ్రిది, కావున కొన్నవాడు తండ్రియే యని కంపెనీ లందురు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషను ఈ వాదమునకు లొంగలేదు. తలిదండ్రుల సమ్మతి లేకయే బాలురు కొనుటకు వీలుకల్పించినదనియు, పొరపాటున నొక మీట నొక్కినను సొమ్ము పోవునట్లు తెరలను అమర్చినదనియు ఆరోపించి, 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ కంపెనీయగు ఎపిక్ గేమ్స్ చేత 24 కోట్ల 50 లక్షల డాలర్లు కొన్నవారికి మరలించుట కొప్పించినది. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థయు 2023 నవంబరులో ఇట్టి మాయపద్ధతులను పదమూడింటిని పేర్కొని నిషేధించినది. ఆయుధము చేతిలో నున్నది. ఆటల యంగడి మీదికి దాని నెత్తుటయే కొరత.

మేము కోరునవి నాలుగు. ఆట నాణెములలో చూపు ప్రతి వెలకు ప్రక్కన రూపాయల వెల చూపవలెను. మూసిన పెట్టెలో ఏ వస్తువు నూటికెన్నిమారులు వచ్చునో తెలుగులో ప్రకటింపవలెను. సర్వర్ల మీద నాధారపడిన ఆట యెన్నాళ్లు నడుచునో కొనునప్పుడే చెప్పవలెను. మైనరు చేసిన ఖర్చును, తండ్రి సకాలమున నడిగినచో, మారుమాటాడక మరలింపవలెను. ఇందు ఏ యొక్కటియు నిజాయతీగల కంపెనీకి నష్టము కలిగింపదు.

తలిదండ్రులకును ఒక మాట. సొమ్ము పోయినదని బాలుని గొట్టిన సొమ్ము రాదు. పిన్ బిడ్డలకు చెప్పకుడు. పోయినచో 1915 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు చేయుడు. 2019 నాటి చట్టము ప్రకారము కొన్నవాడు తానున్న చోటనే వినియోగదారుల కమిషనులో దావా వేయవచ్చును; అయిదు లక్షల లోపు వస్తువునకు రుసుమును లేదు. మార్కెట్టులో తరుగు పేరిట రెండు కిలోలు కోసినచో కాంటా నాపి నిలదీయు మన రైతు, తన యింటిలోని యంగడి యెదుట మాత్రము మౌనము వహింపనేల?