విద్యార్థి చేతికి రోగి నాడి

జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. కోరుట్లలో పశువైద్య కళాశాల అంతకు ముందే కలదు. సాంచెల నడుమను బీడీల చేటల నడుమను ఇంత విద్య వెలయుట సంతోషకరమే. కాని భవనములు లేచినంతనే వైద్యులు తయారు కారు.

ఇటీవల కొందరు వైద్యవిద్యార్థులతో ముచ్చటించితిమి. వారి కళాశాల పేరు ఇచట అనవసరము. పగటివేళ తాము గోడవలె నిలిచి చూచుటయే గాని చేతికి పని రాదని కొందరు వగచిరి. రాత్రి పెద్దవారు లేనప్పుడు మాత్రము సర్వమును తమపైనే పడునని మరికొందరనిరి. ఇవి పరస్పర విరుద్ధములని తోచవచ్చును, కావు. పగలు నమ్మకపోవుటయందును, రాత్రి విడిచిపెట్టుటయందును కొరవడినది గురువే.

విద్యార్థిని నమ్ముట ఈ సీమకు క్రొత్త గాదు. 1888, 1889లలో హైదరాబాదున ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫారం పరిశోధనలలో వైద్య పాఠశాల విద్యార్థులు పాల్గొనిరి. వారిలో రూపాబాయి ఫర్దూన్జీ మత్తుమందు నిచ్చుటయందు పేరొందెను. గుండెపై ఆ మందు ప్రభావమును గూర్చి లారీ చెప్పినది తరువాత తప్పని తేలినది. శిష్యులకు పనిలో పాలు పంచిన పద్ధతి మాత్రము తప్పుగాదు.

2019 నాటి నూతన పాఠ్యప్రణాళిక విద్యార్థి రోగిని వెన్నంటి యుండి నేర్వవలెనని చెప్పుచున్నది. చేసిన పనిని లాగ్‌బుక్కున వ్రాసి గురువు సంతకము గొనవలెను. సంతకము సులభము, గురువు సమయమే దుర్లభము.

న్యాయస్థానములతో పరిచయము గల మాకు మరియొక చిక్కు తోచుచున్నది. 2024 జూలై 1 నుండి అమలునందున్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను, నిర్లక్ష్యముచే మరణము కలిగించినవానికి ఐదేండ్ల వరకు శిక్ష విధించుచు, వైద్యప్రక్రియయందు రిజిస్టరైన వైద్యునికి రెండేండ్లకు పరిమితము చేసినది. ఎం.బి.బి.యస్. చదువుచున్న విద్యార్థికి రిజిస్ట్రేషను లేదు. పెద్దవాని ఆజ్ఞచే సూది పట్టిన పిల్లవాడు పెద్దవానికంటె పెద్దశిక్షకు గురికావచ్చును!

కనుక ఏ సంవత్సరపు విద్యార్థి ఏ పని చేయవచ్చునో వార్డుగోడపై తెలుగున వ్రాయింపవలెను. ప్రక్కనుండవలసిన వైద్యుని పేరు కేసుషీటున నుండవలెను. చేయి పట్టువాడు విద్యార్థియని రోగికి చెప్పి, వలదనిన మానవలెను. ఉచిత వైద్యమునకు వచ్చినంతమాత్రమున బీడీ చుట్టు తల్లి శరీరము పాఠ్యపుస్తకము గాదు. పశువైద్య విద్యార్థి గేదెపై చేయి వేసినచో యజమాని ప్రక్కనే నిలిచి కనిపెట్టును. గేదెకున్న కాపు మనిషికి వలదా?

దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు. ఆసుపత్రి పాలకుల ఉత్తరువు చాలును. దానిని ఈ నెలలోనే వెలువరింపవలెనని కోరుచున్నాము.