వారంటీ కార్డులో లేని ఎదుటి పన్ను

రూట్ కెనాల్ పూర్తయ్యాక పళ్ళ క్లినిక్కుల్లో మాటంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఏ క్యాప్ ఎక్కువ గట్టిది? మెటల్ సిరామిక్‌కు ఒక ధర, జిర్కోనియాకు ఇంకో ధర, పైన పదేళ్ళో పదిహేనేళ్ళో వారంటీ. ఎంత గట్టిదైతే అంత మంచిదన్న నమ్మకం రోగుల్లోనే కాదు, చాలామంది డాక్టర్లలోనూ పాతుకుపోయింది. ఇది తప్పుడు నమ్మకం, పళ్ళకు చేటు తెచ్చే నమ్మకం.

ఆ వారంటీ క్యాప్‌కే. దానికి ఎదురుగా నిలిచే అసలు పన్నుకు హామీ ఇచ్చేదెవరు? పంటి పైపొర అయిన ఎనామిల్ బరువులో 96 శాతం ఖనిజమే, మన ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం లేదు. జిర్కోనియా దానికంటే కొన్ని రెట్లు కఠినం. అయినా అద్దంలా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదుటి పన్నును పోర్సిలిన్ కంటే తక్కువే అరగదీస్తుందని ల్యాబ్ పరీక్షల్లో తేలింది. అంటే కీలకం గట్టితనం కాదు, నునుపు. క్యాప్ అతికించాక ఎత్తు తగిలితే రంగు కాగితం కొరికించి, మచ్చపడ్డ చోట బర్ అనే నూరే పనిముట్టుతో గీకుతారు. తిరిగి పాలిష్ చేయకుండా రోగిని పంపించేస్తే, ఆ గరుకు తలం ఎదుటి ఎనామిల్‌పై ఆకురాయిలా పనిచేస్తుంది. గట్టితనం గురించి అంత చెప్పినవాళ్ళు ఈ అయిదు నిమిషాల పని గురించి ఎందుకు చెప్పరు? (ఒకప్పటి బంగారు తొడుగుల్ని డాబు అనుకున్నాం గానీ, బంగారు మిశ్రమం ఎదుటి పన్నును చాలా తక్కువగా అరగదీస్తుంది.)

ఇక బలం సంగతి. దవడ పళ్ళతో కావాలని గట్టిగా కొరికితే 500 నుంచి 700 న్యూటన్లు, అంటే ఇంచుమించు 50 నుంచి 70 కిలోల బరువు పడుతుంది. అన్నం నమలడానికి అందులో చిన్న వంతు చాలు. కాబట్టి అరుగుదలకు భోజనాన్ని తప్పుపట్టి లాభం లేదు. నిద్రలో పళ్ళు కొరికేవారి లెక్క వేరు: మెలకువలో ఎంత గట్టిగా కొరికినా రానంత బలం కొందరిలో నిద్రలో నమోదైంది. మనవాళ్ళేమో కడుపులో పురుగులని కొట్టిపారేస్తారు. ఈ బలానికి ఎనామిల్ అరిగిపోయి దాని కింది మెత్తని పొర, డెంటిన్, బయటపడితే, అక్కణ్ణించి అరుగుదల ఇంకా వేగం. పుల్లటివి ఎక్కువగా తీసుకునే నోట్లో ఆమ్లం ఎనామిల్‌ను ముందే మెత్తబరుస్తుంది కనుక నష్టం రెట్టింపు.

అలా పళ్ళు నూరేవారికి పోర్సిలిన్ పెచ్చులూడుతుంది, జిర్కోనియా నిలుస్తుంది. నిజమే, కాదనను. కానీ పెచ్చులూడిన ప్రతిసారీ మరింత గట్టి పదార్థానికి మారితే, క్యాప్ మీద పడిన బలం ఎక్కడికీ పోదు, కిందికే దిగుతుంది. క్యాప్ పగిలితే మార్చుకోవచ్చు. రూట్ కెనాల్ చేసిన పన్ను వేరు నిలువునా చీలితే చాలాసార్లు పీకడమే గతి. ఇంప్లాంట్‌లో ముప్పు ఇంకా ఎక్కువ: సొంత పన్ను వేరు చుట్టూ ఉండే, ఒత్తిడిని పసిగట్టే పొర దానికి ఉండదు.

అందుకే క్యాప్ రకం చెప్పేముందు డాక్టరు నోరంతా చూడాలి. పళ్ళ కొనలు చదునుగా అరిగాయా, పాత ఫిల్లింగులు విరిగాయా, పొద్దున లేవగానే దవడ నొప్పా అని అడగాలి. అవునంటే బిల్లులో మొదట రాయాల్సింది నిద్రలో పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డ్, ఆ తర్వాతే జిర్కోనియా.